మధ్యాహ్నం బస్సుకు తొందర లేదు

ఈ సంగతి రాయమని నన్నెవరూ అడగలేదు. రాయవద్దని మాత్రం ఇద్దరు అడిగారు, ఆ ఇద్దరూ మా ఇంట్లోవాళ్లే. నా కాలు విరిగి ఐదేళ్లయింది. ఎడమకాలు ఒక అంగుళం పొట్టిదై కూర్చుంది. ముసురు పట్టిందంటే తుంటిలో ఎవరో పలుగు పెట్టి తవ్వుతున్నట్టుంటుంది. అదేమంత పెద్ద కష్టం కాదు, అలవాటైపోయింది. అలవాటు కానిది వేరే ఉంది. అది చెప్పాలంటే ముందు మా రోడ్డు గురించీ, పోలయ్య గురించీ చెప్పాలి.

మా ఊరు నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఉంది. నేను పాఠాలు చెప్పే ఎలిమెంటరీ స్కూలు సముద్రం వైపు రెండు మైళ్ల అవతల. నా పెళ్లయిన కొత్తలో అది కంకర రోడ్డు. బస్సు వస్తుంటే ముందు దుమ్ము కనిపించేది, తప్పుకోవడానికి తీరిక ఉండేది. అరవైలో తారు పోశారు. ఊరంతా సంబరపడింది. దుమ్ము పోయింది, దానితోపాటే బస్సు వస్తోందన్న ఆనవాలూ పోయింది.

పోలయ్య ఆ రూట్లో బస్సు డ్రైవరు. మైపాడువాడు, పడవల మీద బతికే కుటుంబంలోనుంచి స్టీరింగు దగ్గరికి వచ్చినవాడు. పొద్దున్నే చేపలగంపలు బస్సు పైకెక్కించుకుని, ఆ గంపల ఆడవాళ్లను లోపల కూర్చోబెట్టుకుని నెల్లూరు మార్కెట్టుకు పోయేవాడు. పోవడమంటే మామూలుగా పోవడం కాదు. నేను స్కూలుకు నడిచిపోతుంటే ఎదురుగా వచ్చేవాడు. ఒకసారి ఆ గాలికి నా గొడుగు తిరగబడి కాలవలో పడింది. ఇంకోసారి నా చీర కొంగును బస్సు రేకు తాకింది, అది నేను ఊహించుకున్నది కాదు, నూనెమరక ఇంటికొచ్చాక చూసుకున్నాను. పిల్లలకు ఎక్కాలకంటే ముందు నేను నేర్పించింది ఏమిటంటే, హారను వినగానే పుస్తకాలు వదిలేసి తాటిచెట్టు వెనక్కి పరిగెత్తడం. రోజూ ప్రార్థన తర్వాత ఒకసారి చేయించేదాన్ని.

ఒకరోజు కోపం పట్టలేక రోడ్డు మధ్యలో నిలబడ్డాను. గొడుగు అడ్డంపెట్టి. బస్సు నాకు నాలుగు గజాల దూరంలో ఆగింది. లోపలి ఆడవాళ్లు నన్ను తిట్టారు, నేను పోలయ్యను తిట్టాను. నా పిల్లల్లో ఒక్కరికి ఏదైనా అయితే నిన్ను జైలుకు పంపేదాకా నిద్రపోను అన్నాను. అతను తల బయటికి పెట్టి నిదానంగా చెప్పాడు.

"పొద్దన్న ఈ బండిని నేను నడపడంలా టీచరమ్మా, పైనుండే గంపలు నడపతా ఉండాయి. ఎండ ముదిరేలోగా మార్కెట్లో దించకపోతే ఈ అక్కలు నన్ను బతకనిస్తారా? మద్దేనం చూడు. మద్దేనం నేను నడపతా."

నిజమే. మధ్యాహ్నం తిరుగు ట్రిప్పులో అవే గంపలు ఖాళీగా, ఆడవాళ్లు వక్కాకు నములుతూ, కొందరు నిద్రపోతూ వచ్చేవాళ్లు. బస్సు ఎద్దుబండి కంటే కాస్త నయంగా కదిలేది. ఎండాకాలం ఒంటిపూట బడి వదిలి నేను ఇంటికి నడుస్తుంటే ఎదురుపడి, రెండుసార్లు హారను చిన్నగా మోగించి పోయేవాడు. అది నమస్కారమని నాకు తెలుసు. తిరిగి తల ఊపింది ఎప్పుడూ లేదు. మనకు కోపం ఒకటి ఉంది కదా, దాన్ని కాపాడుకోవద్దూ.

ఇక అరవై ఒకటి ఏప్రిల్. ఒంటిపూట బడులు మొదలై వారమో పదిరోజులో. పదకొండున్నరకు స్కూలు వదిలి బయలుదేరాను. మా ఊరు ఇంకా రెండు ఫర్లాంగులు ఉందనగా రోడ్డు మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో మొగలిపొదలు గుబురుగా ఉండి అవతల ఏముందో కనిపించదు. నేను ఇవతల ఉన్నాను. హారను వినలేదు. బరబరమని ఒక చప్పుడు, చాప ఈడ్చినట్టు. తలెత్తేసరికి బస్సు అడ్డంగా, వెనకభాగం ముందుకు తోసుకుంటూ నా మీదికి జారి వస్తోంది. పిల్లలకు నేర్పినదే నేనూ చేశాను, కానీ చెట్టు దొరకలేదు. కాలవలోకి దూకాను. నీళ్లు లేని కాలవ, తూము రాళ్లు ఉన్నాయి. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. బస్సు నన్ను తాకనేలేదు.

తర్వాత ముక్కలు ముక్కలుగా తెలుసు. ఏదో కదులుతోంది, నేను దానిలో ఉన్నాను. చేపల వాసన. నా తల ఎవరి ఒళ్లోనో ఉంది, ముసలి చెయ్యి ఒకటి నా నుదుటి మీద గట్టిగా ఆనించి ఉంది. "కళ్లు తెరువు బిడ్డా, తెరువు" అని ఆడగొంతు. అంతే. మళ్లీ తెలివి వచ్చేసరికి నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నాను. కాలికి తాడు కట్టి, మంచం చివర కప్పీ మీదుగా ఇనపదిమ్మ ఒకటి వేలాడదీశారు. పక్కనే స్టూలు మీద మా ఆయన కూర్చుని నా చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాడు.

ఏమైందని అడిగాను. పోలయ్య ఒళ్లు తెలియకుండా బస్సు తోలుకొచ్చి నన్ను కాలవలోకి తోసేశాడని, కేక విని పొలంలోనుంచి తాను పరిగెత్తుకొచ్చాడని, నన్ను చేతుల మీద ఎత్తుకుని మన బండి కట్టించి ఆసుపత్రికి చేర్చాడని చెప్పాడు. మా అత్త వచ్చి అదే చెప్పింది, ఇంకొంచెం వివరంగా. "నా కొడుకు నిన్ను చంటిబిడ్డని ఎత్తినట్టు ఎత్తినాడు. చొక్కా అంతా రగతం." ఆ మాట నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో చెబితే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. నొప్పి పైకి వచ్చినప్పుడల్లా ఆ దృశ్యాన్ని తెచ్చుకునేదాన్ని. చేపల వాసన సంగతి చెబితే ఆయన నా జుట్టు సర్ది, నొప్పికి ఏదో కలవరించి ఉంటావు అన్నాడు. సరే, కలవరింతే కాబోలు అనుకున్నాను.

మూడో రోజు పోలీసాయన వచ్చాడు, వాఙ్మూలం కావాలన్నాడు. టీచర్ని కదా, నేనే రాస్తానని కాగితం అడిగి తీసుకున్నాను. మా ఆయన పక్కన నిలబడి ఒక్కొక్క మాట అందించాడు. బస్సు అతివేగంగా వచ్చినది, డ్రైవరు అజాగ్రత్త వల్ల అదుపు తప్పినది, ఇలా. ఆ డ్రైవరు రోడ్డు మీద ఏదో పరిచి ఉందని కథలు అల్లుతున్నాడట, రోడ్డు అద్దంలా ఉంది, పోలీసాయనే చూసి వచ్చాడు అని కూడా చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. చేసింది చాలక అబద్ధాలా అనుకున్నాను. చివర్లో ఎవరూ అందించకుండా ఒక వాక్యం నేనే చేర్చాను. 'ఈ డ్రైవరు ఎప్పుడూ ఇంతే వేగంగా నడుపుతాడని రోజూ చూసే నాకు బాగా తెలుసు.' సంతకం చేసి, ఆ వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదువుకున్నాను. బాగా రాశాననిపించింది.

మే నెలంతా ఆ మంచం మీదే. ఎండలకు వార్డు పెనం మాదిరి కాగేది. కాలు కదపకూడదు, పక్కకు తిరగకూడదు. వీపు కింద పుండు పడకుండా ఆయా వచ్చి పొడి రాసి పోయేది. పక్కమంచంలో గూడూరు నిమ్మతోటలవాళ్ల ఆవిడ ఒకామె, చెయ్యి విరిగి వచ్చింది. ఆవిడ తన దిండు కింద దాచుకున్న నిమ్మకాయలు నాకు ఇచ్చేది, వాసన చూసుకో, వాంతి రాదు అని. ఎముకల ఫోటో తీసే గది ముందు గంటలకొద్దీ స్ట్రెచరు మీద పడుకోబెట్టేవాళ్లు. పైకప్పుకేసి చూస్తూ పడి ఉంటే, అటూ ఇటూ బెంచీల మీద ఉన్నవాళ్లు తమ కట్లు, తమ కష్టాలు ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. అందరిదీ విన్న తర్వాత నా వంతు వచ్చేది. మా ఆయన నన్ను ఎత్తుకొచ్చిన సంగతి చెప్పేదాన్ని. ఆడవాళ్లు ఆయన్ను తేరిపార చూసేవాళ్లు.

చూడదగ్గట్టే చేశాడు, ఆ మాట దాచను. నా చీరలు ఉతికి వరండాలో ఆరేశాడు. నా జడ చిక్కులు తీసి అల్లాడు. ఏ మొగుడు చేస్తాడు ఆ రోజుల్లో, అదీ నలుగురి ఎదుట? గూడూరావిడ తన మొగుడు ఒక్కసారి వచ్చి ఆవులు బాగున్నాయని చెప్పి పోయాడని నవ్వేది. నేను అదృష్టవంతురాలినని వార్డంతా తీర్మానించింది. నేనూ అదే తీర్మానంలో ఉన్నాను.

ఒకరోజు మధ్యాహ్నం వార్డు గుమ్మంలో పోలయ్య కనిపించాడు. తాటాకులో చుట్టిన ముంజలు చేతిలో ఉన్నాయి. లోపలికి రాలేదు. నన్ను చూసి తల కొంచెం ముందుకు వంచాడు. మా ఆయన లేచి గబగబా బయటికి పోయి అతన్ని వరండా చివరికి తీసుకుపోయాడు. ఏమి మాట్లాడుకున్నారో వినపడలేదు. పోలయ్య ఇంకోసారి నా వైపు చూశాడు. నేను ముఖం గోడకు తిప్పుకున్నాను. మెడ ఒక్కటే తిప్పగలిగేదాన్ని, అది బాగానే వాడుకున్నాను. తర్వాత ఆయా వచ్చి బెంచీ మీద ముంజలు ఎవరివని అడిగితే, మావి కావు అన్నాను.

జూన్ చివర్లో దిమ్మ తీసి నడుము నుంచి పాదం దాకా సిమెంటు కట్టు వేశారు. ఆగస్టులో అది కోసి ఇంటికి పంపారు. కోసినప్పుడు బయటపడిన కాలు నాది కాదనిపించింది, తాటితేగలా సన్నగా ఉంది. కర్రలతో అడుగులు నేర్చుకున్నాను. మా అత్త విసుక్కోకుండా చేసిందని చెప్పలేను. ఇంట్లో ఒక మనిషి కూర్చుని తింటుంటే ఎవరికైనా విసుగే. కానీ వేడినీళ్లు కాచిపోసింది, నువ్వులనూనె రాసింది. ఊరివాళ్లంతా వచ్చి చూసి పోయారు. ప్రతివాళ్లూ పోలయ్యను తిట్టారు. అతని లైసెన్సు ఆరునెలలకు తీసేశారని, బస్సు ఓనరు పనిలోనుంచి పంపేశాడని వాళ్లే చెప్పారు. పీడ విరగడైంది అన్నాను నేను.

అయితే ఒక కొత్త జబ్బు పట్టుకుంది. మా ఇంట్లో కూర్చుంటే రోడ్డు మీది హారను వినిపిస్తుంది. అది వినగానే గుండె దడదడ కొట్టుకుని, చేతులు వణికి, ఒళ్లంతా చెమట పోసేది. గ్లాసు జారవిడిచేదాన్ని. మలుపు దాకా నడవమని డాక్టరు చెప్పాడు, మా వీధి దాటలేకపోయాను. గాలి సోకిందని మా అత్త తాయెత్తు కట్టించింది. డాక్టరు దానికి ఏ పేరూ పెట్టలేదు, భయం పోతుందిలే అన్నాడు. కొత్త డ్రైవరు పోలయ్య కంటే వేగంగా నడుపుతాడని, ఒక దూడను తొక్కేశాడని విన్నాను. విచిత్రమేమిటంటే పొద్దున బస్సుకు నాకు అంత భయం వేసేది కాదు. మధ్యాహ్నం పన్నెండు గంటల హారనుకే ప్రాణం పోయేది. ఎందుకో ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే అప్పుడే తెలిసేది.

నిలబడి చేసే పని చేతకాదు కనుక కూర్చుని చేసేది ఏదైనా ఇమ్మని మా అత్తను అడిగాను. బియ్యంలో రాళ్లు ఏరడం, పప్పులు బాగుచేయడం నా వాటాకు వచ్చాయి. కార్తీకం ముసుర్లలో ఒకరోజు అట్లకు నానబోయాలంటే డబ్బాలో మినుములు అయిపోయాయి. మా ఆయన ఇంట్లో లేడు. మా అత్త అటక మీదనుంచి ఒక గోతాం దింపించి, చేటలో పోసి నా ముందు పెట్టింది.

ఏటా మా మినుములు పొలంలోనే కళ్లం చేసి ఎద్దులతో తొక్కించేవాళ్లు. వాటిలో మట్టిబెడ్డలు ఉంటాయి. ఈ గోతాంలోవి వేరేగా ఉన్నాయి. నల్లగా, మెత్తగా, గోటికి అంటుకునే పలుకులు. వాసన చూశాను. తారు. ఒకటి కాదు, పిడికెడు. ఇంకా ఏరుతుంటే వేలికి చురుక్కుమంది. తీసి చూస్తే గాజుముక్క. కిటికీ అద్దం కాదు. మందంగా ఉంది, ఒకవైపు నున్నగా, ఇంకోవైపు వరసగా గీతలు. రోజూ ఎదురుగా వచ్చే బస్సును నాలుగేళ్లు చూసినదాన్ని, ఆ గీతల గాజు ఎక్కడ ఉంటుందో నాకు తెలియదా? బస్సు లైటుది.

మా పక్క కొత్తగా ఒక అలవాటు వచ్చిందని నాకు తెలుసు. తారు రోడ్డు పడ్డాక రైతులు మినపకట్టె, ఉలవకట్టె రోడ్డు మీద పరిచేవాళ్లు. బస్సులూ లారీలూ పోతూపోతూ తొక్కేస్తాయి, కాయలు పగులుతాయి, సాయంత్రం ఊడ్చుకోవడమే. ఎద్దులకు పని లేదు, మనిషికి పని లేదు. కానీ ఎండిన కాయలు పగిలి మినపగింజలు నున్నటి తారు మీద దొర్లుతుంటే ఏ చక్రం నిలుస్తుంది? ఇది మా ఇంట్లో కూడా చేశారని మాత్రం నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు.

మా అత్తను అడిగాను, ఈ మినుములు ఎక్కడ నూర్చారని. ఆవిడ చేట వైపు చూసి, నా వేలి వైపు చూసి, ఆ గోతాం దింపి ఉండకూడదని అప్పుడు గుర్తొచ్చినట్టు వంటింట్లోకి పోయింది.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. కాళ్లు కడుక్కునేదాకా ఆగాను. అరచెయ్యి చాపి గాజుముక్క చూపించాను.

"ఇది మినుముల్లోకి ఎట్ట వచ్చింది?"

ఆయన నా వేళ్లు పట్టుకుని అరచెయ్యి మూశాడు. "అయిపోయినదాన్ని ఎందుకు తవ్వతావు మే" అన్నాడు.

"నన్ను ఆసుపత్రికి తీసకపోయింది ఎవరు?"

లోపలినుంచి మా అత్త, వాడు నీకు చేసిన చాకిరీ ఏ మొగుడూ చెయ్యలేదు, అది గుర్తుపెట్టుకో అంది. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని, నేల చూస్తూ చెప్పాడు.

"పోలయ్యే ఎత్తినాడు. ఆ చేపలామెలు పట్టుకొన్నారు. బస్సు తిప్పి నెల్లూరికి తోలినాడు. నన్నూ ఎక్కమన్నాడు. నేను వెనక వస్తానన్నా. రోడ్డు మీద కట్టె అట్టనే ఉండింది మే. పోలీసోళ్లు చూస్తే కేసు నా మీదికి వచ్చేది. నువ్వెట్టా ఆసుపత్రికి పోతా ఉండావు గదా."

"ఎంతసేపు ఊడ్చినారు?"

"రెండు గంటలు పట్టింది. చక్రాలకు చుట్టుకొని కట్టె, బస్సు లైటు గుద్దుకొన్న చెట్టు దాకా పోయింది. గింజలు కాలవలోకి దొర్లినాయి."

"కాలవలోవి కూడా ఏరినారా?"

ఆయన కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. ఏరాడని నాకు అర్థమైంది. నేను పడిన చోట, నా రక్తం పడిన చోట వంగి, మా ఆయన మినుములు ఏరాడు. ఆ తర్వాత బండి కట్టుకుని నెల్లూరు వచ్చి, స్టూలు మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఏడుపు దొంగ ఏడుపు అనను. నిజంగానే ఏడ్చాడు. అదే నాకు ఈనాటికీ మింగుడుపడదు. దొంగ ఏడుపైతే తేలికగా ఉండేది, అసహ్యించుకుని ఊరుకునేదాన్ని.

మోసపోయానన్న బాధ ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. జరిగినదాని మీద కంటే, నేను ఇన్నాళ్లూ దాచుకున్నవాటి మీద అది పడుతుంది. వార్డులో వందమందికి చెప్పిన మాట. నొప్పి వచ్చినప్పుడు తలుచుకున్న చేతులు. అవి వేరేవాళ్ల చేతులు. జడ అల్లిన వేళ్లను తలుచుకుంటే కూడా ఇప్పుడు చీపురే కనిపిస్తుంది. ఊరు ఊరంతా వచ్చి నా మంచం చుట్టూ కూర్చుని పోలయ్యను తిట్టింది, ఒక్కరూ నోరు విప్పలేదు. విప్పితే రేపు తమ కట్టె ఎక్కడ పరుచుకుంటారు?

కానీ నన్ను నేను వదిలిపెట్టుకోలేను. ఆ వాక్యం రాసింది నేనే కదా. అది మధ్యాహ్నం బస్సు. ఖాళీ గంపల బస్సు. పోలయ్య దానిని ఎలా నడుపుతాడో ఈ భూమ్మీద నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. మద్దేనం నేను నడపతా అని నాతోనే చెప్పాడు. అయినా 'ఎప్పుడూ' అని రాశాను. మా ఆయన నన్ను మోసం చేశాడు, నిజం. నేను అంత సులువుగా మోసపోవడానికి నా కోపం ముందే ఇల్లు ఊడ్చి పెట్టి ఉంది.

డిసెంబరులో ఒకరోజు, చెప్పకుండా మైపాడు బయలుదేరాను. మధ్యాహ్నం బస్సే దొరికింది. అది వచ్చి ఆగేటప్పటికి చెమటలు పట్టి, చేతికర్ర జారిపోయింది. చేపల ఆడవాళ్లలో ఒక ముసలామె దిగి కర్ర తీసి ఇచ్చి, నడుము పట్టి నన్ను ఎక్కించింది. ఆ చెయ్యి ఆనగానే గుర్తుపట్టాను. ఆమె పేరు గంగమ్మ. నా ముఖం చూసి, "ఆ పొద్దు నా కొత్త కోకంతా పాడుచేసినావు బిడ్డా, ఎంత ఉతికినా రగతం పోలా" అని నవ్వింది. నేను ఆమె భుజం మీద తల పెట్టుకుని మైపాడు వచ్చేదాకా ఏడ్చాను. ఎందుకని ఆమె అడగలేదు.

పోలయ్య ఇసకలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. మళ్లీ పడవ మీదికే పోతున్నాడు, ఇద్దరి వాటాలో మూడోవాడుగా. స్టీరింగుకు అలవాటుపడిన చేతులు వలతాడుకు కోసుకుపోయి గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి. నన్ను చూసి లేచాడు. నేను నిలబడే మొదలుపెట్టాను. మినుముల గురించి, గాజుముక్క గురించి, నాకు నిన్నమొన్ననే తెలిసిందని. అతను సగంలో ఆపాడు.

"నీకు అప్పుడు తెల్దా?"

తెలియదన్నాను.

"మీ ఆయన చీపురు తీసుకొని ఉండాడు, నేను నిన్ను ఎత్తేటప్పటికే. ఆసుపత్రికి వచ్చి నీతో చెప్పాలనుకొన్నా. నువ్వు మొకం తిప్పుకొన్నావు. సరే, టీచరమ్మ అంతా తెలిసే రాసిందనుకొన్నా." వల మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "మొగుడు కదా, కాపాడుకొనిందిలే అనుకొన్నా. దానికి నాకు కోపం రాలా. మద్దేనం నేనెట్ట పోతానో తెలిసిన మనిషివి, నువ్వట్ట రాసినావే, అది పట్టుకొనింది నన్ను."

ఎనిమిది నెలలు నేను అతన్ని అబద్ధాలకోరు అనుకున్నాను. అదే ఎనిమిది నెలలు అతను నన్ను అలాగే అనుకున్నాడు. మా ఇద్దరిలో సరిగ్గా అనుకున్నది అతనే.

అక్కడే ఇసకలో కూర్చుని ఇంకో కాగితం రాశాను. ఈసారి ఎవరూ అందించలేదు. రోడ్డు మీద మినపకట్టె పరిచింది ఎవరో, ఊడ్చింది ఎవరో, నన్ను బస్సులో ఎక్కించుకుని పోయింది ఎవరో పేర్లతో రాసి, అతనికి చదివి వినిపించాను. మా ఆయన పేరు వచ్చిన చోట పోలయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. అది లేకుండా రాసుకో అన్నాడు, నువ్వు మళ్లీ ఆ ఇంటికే పోవాల గదా. అది లేకపోతే ఇది కూడా మొదటి కాగితమే అవుతుంది అన్నాను.

స్టేషన్లో కేసు ముగిసిపోయిందన్నారు, కాగితం మాత్రం పుచ్చుకున్నారు. రోడ్డు మీద పంటలు పరచవద్దని మా ఊళ్లో ఒకసారి దండోరా వేయించారు. బస్సు ఓనరు దగ్గరికి నేనే పోయి కూర్చుని చెప్పాను. ఆయన నా కాలును, కర్రను చూసి, నీ కాలు విరగ్గొట్టిన బండి డ్రైవరు కోసం నువ్వే వచ్చావా అన్నాడు. రెండు నెలల తర్వాత పోలయ్యకు బస్సు మళ్లీ ఇచ్చారు. ఊళ్లో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. మా అత్త మాట్లాడుతుంది, అవసరమైనంత. మా ఆయన ఆ ఏడాదినుంచి మినుములు పొలంలోనే తొక్కిస్తున్నాడు. ఒకరోజు నా కాళ్ల దగ్గర కూర్చుని తప్పయిపోయింది అన్నాడు. విన్నాను. తప్పు అన్న మాటకు, ఆ రెండు గంటలకు పొంతన కుదరలేదు.

రోడ్డును కళ్లం చేసుకునే రైతులు ఎవరైనా ఇది చదివితే, దయచేసి ఆ మలుపు అవతల ఎవరు నడిచి వస్తున్నారో ఒక్కసారి ఆలోచించండి. మంచంలో ఉన్నవాళ్లు చదివితే, ఆ భయం పోతుంది, కొంచెం కొంచెంగా. పోలయ్య మళ్లీ వచ్చిన తొలినాళ్లలో ఆ పన్నెండు గంటల రెండు చిన్న హారన్లు విని విని నాకు వణుకు తగ్గింది. ఇప్పుడు వింటే తల ఊపుతాను, అతనికి కనిపించకపోయినా.

ఏడాదికి రెండుసార్లు కాలు చూపించుకోవడానికి నెల్లూరు పోయి మధ్యాహ్నం బస్సులో తిరిగి వస్తాను. గంగమ్మ జరిగి చోటిస్తుంది. మలుపుకు ముందు, మా ఊరి దగ్గర బస్సు ఆగేసరికి మా ఆయన గొడుగు పట్టుకుని ఎండలో నిలబడి ఉంటాడు. నేను మెట్టు మీదికి రాగానే చెయ్యి చాపుతాడు. పోలయ్య అద్దంలో చూస్తూ, నా రెండు కాళ్లూ నేలకు ఆనేదాకా బండి కదిలించడు. నేను బస్సు కమ్మీ పట్టుకుని దిగుతాను.